పరేడ్ చూడ్డానికి వెళ్తే తప్పా?



పోయిన నెల, అంటే 2024 ఫిబ్రవరి 22న, విశాఖపట్నం ఆర్కే బీచ్ రోడ్డులో జరిగిన మిలన్ పరేడ్‌కు మేము, మన సంఘం నుండి మరో పదముగ్గురు వెళ్లివచ్చిన సంగతి మీకు తెలిసిందే. వచ్చినప్పటి నుండి మూడు ఆదివారాలుగా మందిరం బయట చెప్పులు వేసుకునే చోట అదే మాట. శ్రమదినాలు మొదలై వారమే అయింది, కాపరి వేడుక చూడ్డానికి పట్నం వెళ్లొచ్చా అని. మా ముఖం ముందే అడిగినవారు ఇద్దరు. మిగిలినవారు అమ్మగారితో అన్నారు. అడిగిన ఇద్దరికీ మా కృతజ్ఞతలు. జవాబు అందరికీ చేరాలని ఇక్కడ రాస్తున్నాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. వెళ్లడం తప్పు కాదు. తప్పు 2016లో జరిగింది, చేసింది మేము.

2016 ఫిబ్రవరి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అంతకు ఏడాదిన్నర ముందు, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను విశాఖను ఊడ్చేసింది. ఇక్కడ మన కొండల మీద కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు వరసలకు వరసలు కూలిపోయాయి. అది కూడా ఆదివారమే, ఆ రోజు మందిరంలో ఎందరం ఉన్నామో మేము ఇంకా చెప్పగలం. అలా దెబ్బతిన్న పట్నం లేచి నిలబడి, దాదాపు యాభై దేశాల నౌకాదళాలను పిలిచింది. అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష అన్నారు. ఫిబ్రవరి 6న అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ గారు ఐఎన్ఎస్ సుమిత్ర మీద నుండి ఓడల వరసలను చూశారు. 7వ తేదీ సాయంత్రం బీచ్ రోడ్డులో పరేడ్. ప్రధానమంత్రి కూడా వచ్చారు.

ఆ 7వ తేదీ ఆదివారం. అందులోనూ నెలలో మొదటి ఆదివారం, మన సంఘంలో ప్రభు భోజనం ఉండే ఆదివారం.

మన యౌవనస్థులు అయిదుగురు శుక్రవారం సంత ముగిశాక మా దగ్గరికి వచ్చారు. మామూలు వేళకు ఆరాధన ముగించుకుని బయలుదేరితే పరేడ్ అందదు. మధ్యాహ్నం దాటాక దిగే ప్యాసింజరు రైలు రాత్రికి గాని విశాఖ చేరదు. జీపయినా అనంతగిరి ఘాటు దిగి, ఎస్.కోట మీదుగా, జనం ముందే దారులు మూసేసే బీచ్ దాకా వెళ్లాలి. "అయ్యగారూ, ఆ ఒక్క ఆదివారం ఆరాధన పొద్దున్న ఆరింటికి పెట్టండి. బల్ల తీసుకుని ఎనిమిదికి జీపెక్కేస్తాం" అన్నారు. చూడండి, బల్ల మానేస్తామని అనలేదు. తీసుకునే వెళ్తామన్నారు.

మేము కుదరదన్నాం. లోకం కోసం దేవుని సమయం మార్చం అన్నాం. ఆ మాట అన్నప్పుడు మాకు చాలా గట్టి మాట అన్నట్టే అనిపించింది. కానీ ఈస్టరు నాడు చీకటితోనే లేచి పాడుకుంటూ కొండెక్కుతాం కదా. కాఫీ పళ్లు కోతకొచ్చిన నెలల్లో తోటల యజమానులు తొందరపెడితే ఆరాధన ఒక గంట ముందుకు జరిపిన ఆదివారాలు ఎన్ని లేవు? కూలి కోసం జరిగిన గడియారం పిల్లల సంతోషం కోసం జరగలేదు.

నలుగురు మాట విన్నారు. ఒకడు వెళ్లాడు. మందిరంలో డోలక్ వాయించేవాడు, పందొమ్మిదేళ్లవాడు. పేరు రాయం, మీకు తెలుసు. పెద్దల సభలో అతణ్ని ఆరు నెలలు బల్లకు దూరంగా ఉంచాలని తీర్మానించాం. ఆ మాట మినిట్స్ పుస్తకంలో మా చేతిరాతతోనే ఉంది. ఆరు నెలలు గడిచాయి. మేము పిలవలేదు, అతడు రాలేదు. డోలక్ కొన్నాళ్లు గోడకు వేలాడి, తర్వాత బడి పిల్లల చేతికి వెళ్లింది. అతడు విశాఖ వెళ్లి పనిలో కుదిరాడు. ఎనిమిదేళ్లయింది.

ఈ సంవత్సరం మళ్లీ పరేడ్ ఉందన్న కబురు కొండ మీదికి వచ్చింది. ఈసారి గురువారం. ఆదివారం అడ్డు లేదు, బల్ల అడ్డు లేదు. కాఫీ కోతలు దాదాపు అయిపోయాయి, మిరియాలు ఇంకా పూర్తిగా అందుకోలేదు. అయినా మేము వెళ్లాలనుకోలేదు. ఒక సాయంత్రం ఆ అబ్బాయి మామ్మ మా వరండాలోకి వచ్చి కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి. మంచినీళ్లు తాగి, ఎంతసేపటికో నోరు తెరిచింది. "అయ్యగారూ, నా మనవడు ఏది చూసి బల్లకు దూరమయ్యాడో అది నన్నూ ఒకసారి చూడనివ్వండి."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే మేము ఏదో ఒక వాక్యం తీసి సమాధానం చెప్పేవాళ్లమేమో.

అలా బయలుదేరాం. 21వ తేదీ బుధవారం, కిరండూల్ నుండి వచ్చే ప్యాసింజరు. జనరల్ పెట్టెలో కాళ్లు పెట్టుకునే చోటు లేదు. ఈ లైను చరిత్ర మీలో కొందరికి తెలుసు. 1960లలో, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపి జపానుకు పంపడానికి మన కొండలు తొలిచి వేసినది. లైను మొత్తం మీద 58 సొరంగాలంటారు. పిల్లలు వేళ్ల మీద లెక్కపెడుతూ బొర్రా గుహల దగ్గర తప్పిపోయి మళ్లీ ఒకటి నుండి మొదలుపెట్టారు. చిమిడిపల్లి, టైడా దాటేసరికి బయటకూ సొరంగానికీ తేడా తెలియనంత చీకటి పడింది. ఆ దారిన రోజూ ఎన్ని వేగన్ల ఖనిజం సముద్రం వైపు దిగుతుందో! ఆమె ఊరి మీదుగానే దిగుతుంది. ఆమె మాత్రం డెబ్బై ఏళ్లలో మొదటిసారి దిగుతోంది. విశాఖ మనకు నూట పదిహేను కిలోమీటర్లు. కాగితాల మీద ఇప్పుడు మన జిల్లా కూడా కాదు, 2022 ఏప్రిల్ 4 నుండి మనది అల్లూరి సీతారామరాజు జిల్లా, పాడేరు కేంద్రం. అయినా పెద్ద జబ్బు చేస్తే కేజీహెచ్‌కు పరుగెత్తేది అక్కడికే. మనలో చాలామంది విశాఖను చూసింది ఆసుపత్రి మెట్ల మీద నుండే.

ఇంకొక మాట. పట్నంలో పెద్దవారు దిగినప్పుడు స్వాగతం చెప్పడానికి మన కొండల థింసా బృందాలను పిలుస్తారు. లారీలో దింపుతారు, ఎండలో నిలబెడతారు, ఆట అయ్యాక పొట్లం అన్నం ఇచ్చి పంపుతారు. థింసా విశ్వాసులు ఆడొచ్చా లేదా అన్నది వేరే చర్చ, దానికి మరో వారం కావాలి. మేము అనేది ఇంతే. చూపించుకోవడానికి మనవాళ్లు పట్నం వెళ్లారు గాని, నిలబడి చూడ్డానికి వెళ్లినవారు తక్కువ. అయిదుగురు కుర్రాళ్లు అలా వెళ్లి చూస్తామంటే, ఆపింది పోలీసు కాదు, మేము.

స్టేషనులో మనవడు నిలబడి ఉన్నాడు. మామ్మ ఫోను చేయించిందట. మాకు వందనాలు చెప్పాడు, చేయి కలిపాడు, ఆమె సంచి తీసుకున్నాడు. అంతకు మించి మాటలు లేవు. రాత్రికి ఆమెను తన గదికి తీసుకెళ్లాడు. మేము తెలిసినవారి మందిరంలో చాపలు పరుచుకుని పడుకున్నాం. మర్నాడు మధ్యాహ్నం ఏయూ వైపు రోడ్డు దగ్గర ఆమెను తెచ్చి మాకు అప్పగించాడు. ఒక అపార్టుమెంటులో సెక్యూరిటీ పని, రెండింటికి డ్యూటీ ఎక్కాలి. "కొంచెం ముందు నిలబెట్టండి అయ్యగారూ, మామ్మ పొట్టి, వెనకుంటే ఏమీ కనబడదు" అన్నాడు. అలాగే బాబూ అన్నాం.

బీచ్ దాకా బండ్లు వెళ్లనివ్వరు. నడిచాం. రోడ్డుకు రెండు వైపులా జనం, డాబాల మీద జనం. కురుసుర జలాంతర్గామి ఇసుక ఒడ్డున కనబడగానే మా పిల్లలు పరుగందుకున్నారు. వాళ్లను పట్టుకోవాలని మేమూ, ఇద్దరు పెద్దలూ వాళ్ల వెనక తోసుకుంటూ వెళ్లాం. తోసుకుంటూ వెళ్తే మంచి చోటు దొరికింది. తాడుకు ఆనుకుని నిలబడ్డాం. బ్యాండు మోగింది, తెల్లటి యూనిఫారాల్లో మన నావికులు, వారి వెనక ఒక్కో దేశం జెండాతో పరాయి దేశాల నావికులు అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చారు. పైన హెలికాప్టర్లు. ఒడ్డుకు దూరంగా ఓడలు. మేము నోరు తెరుచుకుని చూశాం. ఎంతసేపు చూశామో గాని, ఒక పిల్ల మా చొక్కా లాగి "మామ్మేది?" అని అడిగేదాకా ఆమె గుర్తుకే రాలేదు.

వెనక్కి తిరిగి చూస్తే జనం తలలు తప్ప ఏమీ లేవు. మాకు చెమటలు పట్టాయి. అప్పుడు కనబడింది. రోడ్డు అవతలి అంచున మురీ మిక్చర్ అమ్మే తోపుడు బండి మీద, అందరి తలల కంటే ఎత్తున, ఒక చేత్తో బండి రాటను పట్టుకుని నిలబడి ఉంది మామ్మ. కొంగు గాలికి ఎగురుతోంది. ఆమె మా వైపు చూడ్డం లేదు. పరేడ్ చూస్తోంది.

తర్వాత తెలిసింది. జనం వెనక అటూ ఇటూ తిరుగుతున్న ఆమెను ఆ బండి అబ్బాయి చూశాడు. మరమరాల డబ్బా, ఉల్లిపాయలు, టమాటాల గిన్నెలు తీసి కింద పెట్టేసి, "ఎక్కు మామ్మా, నేను పట్టుకుంటాను" అన్నాడట. ఏడాదికి ఒకటో రెండో అలాంటి బేరం రోజులు వస్తాయి వాళ్లకు. గంటకు పైగా బేరం మానుకుని బండి కదలకుండా పట్టుకు నిలబడ్డాడు. మేము డబ్బులివ్వబోతే నవ్వి, రెండు పొట్లాలు కట్టి వాటికి మాత్రం తీసుకున్నాడు. అతని పేరు అడగాలని మాకు తోచలేదు.

లూకా సువార్త 19వ అధ్యాయం మీ అందరికీ కంఠతా వచ్చు. యెరికోలో జక్కయ్య. మా చిన్నప్పటి నుండి ఆ భాగాన్ని సండేస్కూలు పాటలాగే చూశాం, పొట్టివాడు మేడిచెట్టు ఎక్కాడు అని. అది పండుగకు వెళ్లే దారి అన్న సంగతి బైబిలు కాలేజీలో గాని తట్టలేదు. యెరికో సముద్ర మట్టం కంటే దిగువన, యెరూషలేము కొండ మీద. దాదాపు వెయ్యి మీటర్ల ఎక్కుడు. మనం అరకు నుండి విశాఖ దిగేది కూడా ఇంచుమించు అంతే, తిరగేసుకోండి. ఆ దారిలోనే, అదే అధ్యాయంలో, ఇంకొంచెం ముందుకు వెళ్తే గాడిద మీద ఊరేగింపు. అంటే జక్కయ్య చూడబోయింది మట్టల ఆదివారం ఊరేగింపు యెరికో వీధిలో సాగుతున్నప్పుడే అనుకోవచ్చు. అతనికి ఎందుకు కనబడలేదు? పొట్టివాడని ఒకటి, జనసమూహం అడ్డమని ఒకటి, లూకా రెండూ చెప్పాడు. మేము ఇన్నేళ్లు మొదటి కారణం మీదే ప్రసంగాలు చేశాం. రెండోది మా సంగతి కనుక కాబోలు. ఆ జనసమూహం యేసుకు విరోధి ఏమీ కాదు. ఆయన వెంట నడుస్తున్నవారే.

ఆయుధాలు చూసి విశ్వాసి చప్పట్లు కొట్టొచ్చా అని అడిగిన పెద్దాయనకు విడిగా జవాబు చెప్పాలి. శ్రమదినాల ప్రశ్న కంటే ఇది మంచి ప్రశ్న. మిలన్ అంటే కలయిక. 1995లో పోర్ట్ బ్లెయిర్‌లో ఇండోనేషియా, సింగపూర్, శ్రీలంక, థాయిలాండ్ నౌకాదళాలు వచ్చి మొదలైంది, 2022లో మొదటిసారి విశాఖకు వచ్చింది. కలిసి నడిచేవారు కొట్టుకునే అవకాశం తగ్గుతుందని ఆశ. హుద్‌హుద్ అప్పుడు రోడ్ల మీద పడిన చెట్లు నరికి తీసినవారిలో నావికులూ ఉన్నారు. ఇది ఒక వైపు. రెండో వైపు, మేము నిలబడిన రోడ్డులోనే 1971 యుద్ధ విజయానికి గుర్తుగా కట్టిన స్మారకం ఉంది. ఆ డిసెంబరులో ఘాజీ అనే పాకిస్తాన్ జలాంతర్గామి విశాఖకు ఎదురుగా సముద్రంలో మునిగిపోయింది. అందులో తొంభై మందికి పైగా మనుషులు. ఆ జలాంతర్గామి మన విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచడానికి వచ్చిందే, కాదనం. అయినా ఆ తొంభై మందికీ తల్లులున్నారు. జెకర్యా ప్రవక్త చెప్పిన రాజు గాడిద మీద వస్తాడు, రథాలనూ యుద్ధపు విల్లునూ లేకుండా చేస్తాడు. అది నమ్మేవాళ్లం ఫిరంగిని చూసి మురిసిపోలేం. రోమా అధిపతి పిలాతు ఉండేది సముద్రపు ఒడ్డున కైసరయలో. పండుగలకు సైనికులతో యెరూషలేము వచ్చేవాడు. అదీ ఒక పరేడే. పట్నపువాళ్లు రెండూ చూశారు. చూడొద్దని యేసు ఎవరినీ ఆపినట్టు లేదు. మేము బ్యాండ్లకు చప్పట్లు కొట్టాం, నడిచిన పిల్లలకు కొట్టాం, తుపాకులకు కొట్టలేదు. పెద్దాయన ఒప్పుకోకపోవచ్చు. ఈ విషయంలో మాకూ పూర్తి నిబ్బరం లేదు.

శ్రమదినాల సంగతి. ఉపవాసం ఉన్నవారి ఉపవాసం ఎవరూ చెడగొట్టలేదు. ఆ బుధవారం ధ్యానం మేము రైల్లోనే చేసుకున్నాం, శివలింగపురం దాటాక. పక్కన కూర్చున్నవారు కూడా విన్నారు. ఇక చాలనుకుంటాం.

శుక్రవారం తెల్లవారుజామున, ఆరూ ముప్పావు ప్రాంతంలో వెళ్లే రైలుకు మనవడు మామ్మను తీసుకొచ్చాడు. రాత్రి డ్యూటీ దిగి నిద్రపోయాడో లేదో. ఆమె అతనికి అంతా చెప్పేసింది. ఎన్ని దేశాల జెండాలు వచ్చాయో, రాత్రి ఓడలకు దీపాలు పెడితే నీళ్ల మీద ఎలా మెరిశాయో, బండి మీద తాను ఎలా నిలబడిందో. "అయ్యగారు ముందు నిలబెట్టారా?" అని అతడు ఆమెనే అడిగాడు, మేము పక్కనే ఉండగా. ఆమె మా ముఖం చూసి, "జనం ఎక్కువరా" అంది. మా తప్పును అలా కప్పింది. అతనికి అర్థమైంది. రైలు కదిలేటప్పుడు కిటికీలో నుండి ఆమెకు పొట్లం అందించి వెళ్లిపోయాడు.

కొత్తవలస దాటాక ఆమెను మేమే అడిగాం, చూశావు కదా మామ్మా, ఏమంటావు అని. "బాగుంది" అంది. కాసేపు ఆగి, "దీనికేనా?" అంది.

మా అభిప్రాయం ఇది. ఆదివారాన్ని మేము తక్కువ చేయడం లేదు. రేపు మళ్లీ మొదటి ఆదివారం పరేడ్ వస్తే, ఆరాధన ఆరింటికి పెడతాం, బల్ల ఇచ్చి, ప్రార్థన చేసి, జీపు ఎక్కిస్తాం. క్రమశిక్షణ సంఘానికి అవసరం. తాగి వచ్చి భార్యను కొట్టినవాణ్ని మనం ఎన్నిసార్లు గట్టిగా అడిగాం? వడ్డీకి డబ్బులిచ్చి పొరుగువాడి మిరియాలు ముందే రాయించుకున్నవాణ్ని ఎప్పుడైనా బల్లకు ఆపామా? బలమైనవాళ్ల దగ్గర మెత్తగా, డోలక్ వాయించే కుర్రాడి దగ్గర గట్టిగా ఉన్నాం. "మేము" అంటున్నాం, ఎందుకంటే ఆ తీర్మానం చదివింది మేమే. పెద్దలు సంతకం పెట్టారు గాని మాట మాది.

కనుక వచ్చే పెద్దల సభలో 2016 నాటి ఆ తీర్మానాన్ని కొట్టివేయాలని మేము అడగబోతున్నాం. కొందరు పెద్దలకు ఇది నచ్చదని తెలుసు. కాపరి మాట మార్చుకుంటే సంఘంలో విలువ ఉండదని ఒకరు ఇప్పటికే అన్నారు. సభకు ముందే ఇక్కడ రాయడం పద్ధతి కాదని కూడా అనవచ్చు, అందులో న్యాయం ఉంది. కానీ ఆ రోజు అతని పేరు సంఘమంతా వినేలా చదివాం. ఇప్పుడు నాలుగు గోడల మధ్య దిద్దుకుంటే సరిపోదు. సభ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఈస్టరు తర్వాతి వారం మేము విశాఖ వెళ్లి అతణ్ని కలుస్తాం. అతని డ్యూటీ రెండింటికి కనుక పొద్దున్నే దిగాలి. రమ్మని అడగడానికి కాదు, క్షమించమని అడగడానికి. వస్తాడో రాడో అతని ఇష్టం. ఆ మురీ మిక్చర్ బండి అబ్బాయిని కూడా వెతకాలని మామ్మ అంటోంది.

మట్టల ఆదివారం ఈ నెల 24న. ఊరేగింపు పొద్దున్న ఏడింటికి కింది వీధి నుండి బయలుదేరుతుంది. ఈత మట్టలు, జీలుగు మట్టలు శనివారమే కోసి తేవడం యౌవనస్థుల పని. ఏటా మనం పాడుకుంటూ ముందుకు వెళ్లిపోతాం, నడవలేనివారు అరుగుల మీద కూర్చుని మన వీపులు చూస్తారు. ఈసారి వారు ముందు, పిల్లలు వారి వెనక, మేము చివర. ఆటో ఒకటి మాట్లాడుతున్నాం, చాలకపోతే రెండోది. మీ ఇంట్లో నడవలేనివారు ఎవరున్నారో శుక్రవారంలోగా అమ్మగారికి చెప్పండి.

ప్రభువు సేవలో,
మీ కాపరి